98 అని రాస్తే తప్పా? బడి సైన్సులో పరిశీలన

హైదరాబాదులో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవు. నగరం సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి పీడనం తీరప్రాంతంలో కన్నా తక్కువ. అందువల్ల బీకరులో నీళ్లు తెర్లుతున్నప్పుడు సరైన థర్మామీటరు చూపించేది రమారమి 98 డిగ్రీలే. మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువగా వస్తుంది తప్ప పాదరసం పైకి కదలదు.

నీళ్లను మరిగించి ఉష్ణోగ్రత చూడటం హైస్కూలు దాటేలోపు దాదాపు ప్రతి విద్యార్థీ చేసే, లేదా చేసినట్టు రాసే ప్రయోగం. రికార్డు పుస్తకంలో ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేసే విధానం, పరిశీలన, ఫలితం అని వరసగా శీర్షికలుంటాయి. మొదటి మూడూ పాఠ్యపుస్తకంలోనే ఉంటాయి, చూసి రాసుకోవచ్చు. చివరిదీ అక్కడే దొరుకుతుంది. ప్రయోగం చేస్తే తప్ప దొరకనిది ‘పరిశీలన’ ఒక్కటే. చాలా రికార్డుల్లో అది కూడా పుస్తకం నుంచే వస్తుంది, కాకపోతే నిరుడు ఆ తరగతి చదివిన అన్న రికార్డు నుంచి వస్తుంది. థర్మామీటరులో 98 చూసిన అమ్మాయి పాఠంలో 100 అని ఉండటం గమనించి, తానే సరిగ్గా చూడలేదేమో అనుకుని 100 వేసేస్తుంది. దాని పక్కన ఎర్ర సిరా టిక్కు పడుతుంది. తన కంటితో చూసినదాని కన్నా అచ్చులో ఉన్నది నమ్మదగినదని ఆమెకు ఆ రోజు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

పోయినవి రెండు డిగ్రీలే కదా అనుకోవచ్చు. ఆ రెండు డిగ్రీల్లో చాలా ఉంది.

ఉష్ణోగ్రత కొలమానానికి పేరిచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్‌కే ఈ సంగతి బాగా తెలుసు. 1742లో ఆయన తన కొలమానాన్ని ప్రతిపాదించినప్పుడు మంచు కరిగే ఉష్ణోగ్రత ఎక్కడైనా ఒకేలా ఉంటుందనీ, నీళ్లు మరిగే ఉష్ణోగ్రత మాత్రం గాలి పీడనాన్ని బట్టి మారుతుందనీ స్పష్టంగా రాశాడు. (ఆయన మొదట పెట్టిన లెక్కలో మరిగే చోట సున్నా, మంచు కరిగే చోట 100 ఉండేవి. ఆ తర్వాతే అవి తారుమారయ్యాయి.) అంటే ‘100’ అన్న అంకె వెనుక మొదటి నుంచీ ఒక షరతు ఉంది: ఫలానా పీడనం దగ్గర అయితే. ఆ షరతు పాఠంలో ఒక మూలన ఉంటుంది. పిల్లల తలలోకి అంకె మాత్రమే వెళుతుంది.

సముద్ర మట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ దాదాపు ప్రతి 300 మీటర్లకూ మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది. ఈ సంబంధాన్ని తిరగేసి వాడుకుంటే ఎంత వేడి దగ్గర నీళ్లు మరుగుతున్నాయో చూసి ఆ చోటు ఎంత ఎత్తున ఉందో చెప్పవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో పర్వతాల సర్వే చేసేవారికి ఇది రోజువారీ పని. దాన్ని ప్రాణాలకు తెగించి చేసిన మనిషి ఒక బడిపంతులు.

ఆయన పేరు నైన్ సింగ్ రావత్. కుమావూ ప్రాంతంలోని మిలం గ్రామంవాడు. ఊళ్లో బడి నడిపేవాడు కాబట్టే సర్వే వాళ్ల కాగితాల్లో ఆయనకు ‘పండిట్’ అన్న పేరు స్థిరపడింది. అప్పట్లో టిబెట్‌లోకి విదేశీయులను రానిచ్చేవారు కాదు. అందుకని భారత సర్వే విభాగం ఆయనకు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చి, యాత్రికుడి వేషంలో 1865లో నేపాల్ మీదుగా పంపింది. చేతిలో జపమాల. మామూలుగా జపమాలలో 108 పూసలుంటాయి, ఆయన మాలలో 100 ఉండేవి. వంద అడుగులకొక పూస జరిపి దూరం లెక్కపెట్టేవాడు. బౌద్ధులు తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రాలకు బదులు ఆయన రాసుకున్న కొలతల చీటీలుండేవి. వెంట దాచుకుని తీసుకెళ్లిన వస్తువుల్లో నీళ్ల మరుగు కొలిచే థర్మామీటరు కూడా ఉంది. 1866 జనవరిలో లాసా చేరి, అక్కడ నీళ్లు కాచి, ఆ నగరం ఎంత ఎత్తున ఉందో లెక్కగట్టి బయటి ప్రపంచానికి మొదటిసారి అందించాడు. లాసాలో నీళ్లు దాదాపు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ పంతులు పుస్తకంలో ఉన్న మరుగు స్థానాన్నే చీటీ మీద రాసుకుని వచ్చి ఉంటే లాసా సముద్రపు ఒడ్డున తేలేది. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

ఇదే పనిని చిన్న స్థాయిలో ఏ బడి అయినా చేయవచ్చు. విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ 100కు దగ్గరగా వస్తుంది. హైదరాబాదులో 98. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలో 97. మూడు చోట్ల మూడు బడులు ఒకే వారంలో నీళ్లు కాచి అంకెలు ఇచ్చిపుచ్చుకుంటే వాతావరణ పీడనం పాఠం సగం అక్కడే అయిపోతుంది. థర్మామీటరు బుడ్డి బీకరు అడుగును తాకితే అంకె పెరుగుతుంది. చౌకరకం థర్మామీటర్లలో ఒక డిగ్రీ తేడా మామూలే. అందుకని ముందు దాన్ని కరుగుతున్న మంచుముక్కల్లో ఉంచి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. ఒకటి చూపిస్తే ఆ ఒకటి తీసేయాలి. ఇవన్నీ ‘పరిశీలన’లో భాగమే. అయితే రికార్డులో వీటికి గడి ఉండదు.

చూసింది ఏది, అనుకున్నది ఏది?

పరిశీలన అంటే కళ్లు తెరిచి చూడటమే అనుకుంటే అది అందరూ చేస్తూనే ఉన్నారు. చిక్కు ఎక్కడంటే, చూసినదానికీ దాని నుంచి ఊహించినదానికీ మధ్య గీత గీయడం కష్టం. దీనికి కొవ్వొత్తి ప్రయోగాన్ని మించిన ఉదాహరణ దొరకదు.

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగిస్తారు. దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, గ్లాసు లోపల నీళ్లు పైకి లేస్తాయి. గ్లాసులోని ఆక్సిజన్ అంతా ఖర్చయిందనీ, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయనీ, అందుకే నీళ్లు ఐదో వంతు లేచాయనీ, గాలిలో ఆక్సిజన్ 21 శాతం అనడానికి ఇదే రుజువనీ కొన్ని పుస్తకాల్లోనూ గైడుల్లోనూ రాసి ఉంటుంది. పిల్లలు పరిశీలన కింద ‘ఆక్సిజన్ ఖర్చయినందున నీరు ఐదో వంతు పైకి లేచింది’ అని రాస్తారు.

ఆ వాక్యంలో కంటికి కనిపించినది ‘నీరు పైకి లేచింది’ అన్నంతవరకే. ఆక్సిజన్‌ను ఎవరూ చూడలేదు. ఐదో వంతు అన్నది కొలిచి చెప్పిన మాట కావడం కూడా అరుదే. గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టి, ఒకరు మంటను, ఒకరు నీటి మట్టాన్ని, ఒకరు గడియారాన్ని చూస్తూ కూర్చుంటే కథ మారిపోతుంది. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. మంట ఆరిన తర్వాతే గబగబా లేస్తాయి. ఆక్సిజన్ ఖర్చవుతున్న కొద్దీ నీళ్లు రావలసి ఉంటే వెలుగుతున్నప్పుడే మెల్లమెల్లగా లేవాలి కదా. రెండు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా ఎత్తుకు లేస్తాయి, మూడు పెడితే మరింత. గాలిలో ఆక్సిజన్ పాలు కొవ్వొత్తుల సంఖ్యను బట్టి పెరగదు. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు తప్పించుకోవడం కూడా జాగ్రత్తగా చూసేవారికి కనిపిస్తుంది.

జరిగేది ప్రధానంగా ఇది. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, మంటలో పుట్టిన నీటి ఆవిరి కూడా చుక్కలుగా మారుతుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి తోస్తుంది. ఆక్సిజన్ కొంత తగ్గే మాట నిజమే, కానీ పూర్తిగా అయిపోదు. లోపల అది సుమారు 16 శాతానికి పడేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది. పైగా దాని స్థానంలో కార్బన్ డై ఆక్సైడ్ చేరుతుంది.

ఆక్సిజన్ పాలును నిజంగానే చూడాలంటే మంట అక్కర్లేదు, ఇనుము తుప్పు పట్టడం చాలు. సన్నని ఇనుప పీచును వెనిగర్‌తో కడిగి, తడిగా ఉండగానే పరీక్షనాళిక అడుగున కూరి, నాళికను నీళ్లలో బోర్లించి ఒకటి రెండు రోజులు వదిలేస్తే నీళ్లు మెల్లగా ఐదో వంతు దాకా లేచి ఆగిపోతాయి. అంట్లు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు పనికిరాదు, అది తుప్పు పట్టదు. ఇది ఒక పీరియడ్‌లో తేలే ప్రయోగం కాకపోవడం వల్లేనేమో బళ్లలో కొవ్వొత్తికి ఉన్న ఆదరణ దీనికి లేదు.

సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొరను చూసేటప్పుడు మరో రకం ఇబ్బంది వస్తుంది. మొదటిసారి కన్ను పెట్టిన పిల్లవాడికి తన కనురెప్ప వెంట్రుకలే కనిపించవచ్చు. తర్వాత నల్లటి దట్టమైన అంచుతో గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి, అవే కణాలని సంబరపడతాడు. అవి గాజు పలకల మధ్య ఇరుక్కున్న గాలి బుడగలు. అసలు కణాలు ఇటుకలు పేర్చినట్టు, పలచటి గీతలతో, వెలుతురు సరిచేస్తే గానీ కనిపించనంత మసకగా ఉంటాయి. అంటే ఏమీ తెలియని కన్ను ఎక్కువ నిజం చూస్తుందన్న మాట కూడా సరికాదు. ఏం వెతకాలో కొంత తెలిస్తేనే కనిపించేవి చాలా ఉన్నాయి. ఉపాధ్యాయుడి పని ఇక్కడే సున్నితమైనది. ఏమీ చెప్పకపోతే పిల్లలు బుడగలు గీస్తారు, మొత్తం చెప్పేస్తే పుస్తకంలోని బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలో మైటోకాండ్రియా కూడా ఉంటుంది, బడి సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర మీద అది కనిపించే అవకాశం లేకపోయినా! ‘నీకు కనిపించినంతే గియ్యి, కనిపించనిది వదిలెయ్యి, అనుమానంగా ఉన్నచోట చుక్కల గీత పెట్టు’ అని చెప్పే మేష్టారు దొరికిన పిల్లలు అదృష్టవంతులు.

అర్థం కాకపోయినా రాసిపెట్టిన చుక్క

తనకు అర్థం కానిదాన్ని కూడా రాసి ఉంచడం వల్ల ఏం ఒరుగుతుంది? గెలీలియో నోటుపుస్తకం దీనికి మంచి సాక్ష్యం. 1610లో గురుగ్రహం చుట్టూ నాలుగు ఉపగ్రహాలను కనిపెట్టిన తర్వాత ఆయన వాటి స్థానాలను రాత్రి వెంట రాత్రి గీస్తూ వచ్చాడు. 1612 డిసెంబరు 28న గీసిన బొమ్మలో గురువుకు కొంచెం దూరంగా ఒక చుక్క పెట్టి దాన్ని నక్షత్రంగా గుర్తించాడు. అది నిజానికి నెప్ట్యూన్. నెల రోజుల తర్వాత, 1613 జనవరిలో, అది పక్క నక్షత్రంతో పోలిస్తే కాస్త జరిగినట్టుందని కూడా రాసుకున్నాడు. అంతటితో వదిలేశాడు. ఆయన వెతుకుతున్నది గురుగ్రహపు ఉపగ్రహాలను, కొత్త గ్రహాన్ని కాదు. నెప్ట్యూన్‌ను గ్రహంగా గుర్తించడం 1846 దాకా జరగలేదు.

అంత గొప్ప పరిశీలకుడి కంటికి దొరికి కూడా గ్రహం జారిపోయింది, ఎందుకంటే ఆయన మనసులో ఆ ప్రశ్న లేదు. ఇందులో మరో సగం కూడా ఉంది. 1980లో చార్లెస్ కోవాల్, స్టిల్‌మన్ డ్రేక్ ఆ పాత పుటలు తిరగేసి నెప్ట్యూన్‌ను గుర్తించగలిగారు. గెలీలియో తన పనికి సంబంధం లేని చుక్క అని దాన్ని బొమ్మలోంచి తీసేయలేదు కాబట్టే మూడున్నర శతాబ్దాల తర్వాత అది పనికొచ్చింది. బడిలో 98 చూసి 100 రాసిన చోట అలా తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. ఉపాధ్యాయురాలు ఆ రికార్డు తీసి, థర్మామీటరులో లోపముందా, ఊరి ఎత్తు వల్లా, బుడ్డి ఎక్కడ పెట్టారు అని అడగడానికి ఆధారమే ఉండదు.

హోషంగాబాదులో ముప్పై ఏళ్లు

ఇవన్నీ పెద్ద నగరాల్లో, మంచి ప్రయోగశాలలున్న బడుల్లో సాగే ముచ్చట్లు, పల్లె బడిలో కుదిరేవి కావు అన్న మాట తరచూ వినిపిస్తుంది. దానికి జవాబు మధ్యప్రదేశ్‌లో ఉంది. ఇప్పుడు నర్మదాపురం అని పిలుస్తున్న హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. అనిల్ సద్గోపాల్ నెలకొల్పిన కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో దీన్ని చేపట్టాయి. టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు, అధ్యాపకులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. 1978లో అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ తర్వాతి బాధ్యత తీసుకుంది. క్రమంగా అది రాష్ట్రంలో సుమారు వెయ్యి బడులకు చేరింది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వాళ్లు వాడిన పుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’. అందులో ప్రయోగం ఎలా చేయాలో ఉండేది, ఏం చూడాలో ప్రశ్నలుండేవి, జవాబులు ఉండేవి కావు. నలుగురేసి పిల్లలు జట్టుగా ప్రయోగం చేసి చూసింది రాసుకునేవారు. అన్ని జట్ల ఫలితాలూ బయటికి వచ్చాక తరగతిలో చర్చ. ఒక జట్టుకు ఒకటి, మరో జట్టుకు మరొకటి వస్తే ఎవరిది తప్పని కాక, తేడా ఎందుకొచ్చిందని అడగడం అక్కడి పద్ధతి. జవాబు పుస్తకంలో లేనప్పుడు నకలు కొట్టడానికి ఏముంటుంది? పిల్లలు తమ కళ్లను నమ్ముకోక తప్పని పరిస్థితిని పుస్తకమే కల్పించిందన్నమాట.

సామగ్రి కూడా ఖరీదైనది కాదు. పువ్వులు విప్పి చూడటానికి సూదులకు బదులు తుమ్మముళ్లు వాడేవారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టే పద్ధతిని అరవింద్ గుప్తా 1978లో ఈ కార్యక్రమంతో పనిచేస్తున్న రోజుల్లోనే రూపొందించాడు. తర్వాత అది దేశమంతా పాకింది. పిల్లలు తమ సందేహాలను ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రకు ఉత్తరాలుగా రాసేవారు. ఆ పేరుతో ఒక బృందం జవాబులు పంపేది.

అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు పరీక్షలో తెచ్చారు. రాత పరీక్షకు పుస్తకం, నోట్సు దగ్గర పెట్టుకోవచ్చు. చేత్తో చేసి చూపించే ప్రయోగ పరీక్ష వేరుగా ఉండేది. గుర్తుపెట్టుకున్నదానికి మార్కులు లేకపోతే గుర్తుపెట్టుకునే చదువు దానంతటదే తగ్గుతుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు గానీ, అమలు చేయడానికి తెగువ కావాలి.

2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. దాని మంచిచెడ్డల మీద అప్పట్లో పత్రికల్లో, శాసనసభ్యుల మధ్య వాదోపవాదాలు నడిచాయి. ఒక జిల్లా పిల్లలు మిగతా రాష్ట్రానికి భిన్నమైన పుస్తకం చదవడం, పై తరగతుల్లో మళ్లీ పాత పద్ధతిలోకే వెళ్లాల్సి రావడం తల్లిదండ్రులను కలవరపెట్టిన మాట కొట్టిపారేయలేనిది. ఎనిమిదో తరగతి దాకా ‘నువ్వేం చూశావు’ అని అడిగిన బడి, తొమ్మిదిలో ‘పుస్తకంలో ఏముంది’ అని అడిగితే పిల్లలు నలిగిపోతారు. ఆ నలుగుబాటుకు మందు రెండో ప్రశ్నను మార్చడంలో ఉంది, మొదటిదాన్ని మాన్పించడంలో లేదు. మూడేళ్ల తర్వాత, 2005లో, యశ్‌పాల్ అధ్యక్షతన తయారైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కంఠస్థపు చదువు నుంచి పిల్లలను బయటపడేయాలని చెప్పింది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ‘కృత్యాలు’ విరివిగా కనిపించడం వెనుక ఆ ఆలోచన ఉంది. కృత్యం కిందనే దాని జవాబు కూడా అచ్చు వేస్తే మాత్రం అది చదివే పాఠమే అవుతుంది.

‘పరీక్ష’ అన్న మాటను విడదీస్తే పరి, ఈక్ష అని వస్తుంది. చుట్టూ కలయజూడటం అని అర్థం. చూపు నుంచి పుట్టిన మాట, చూడకుండా రాయడానికి పేరుగా స్థిరపడటం విచిత్రమే.

ఉపాధ్యాయులను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. నలభై నిమిషాల పీరియడ్, నిండా పిల్లలున్న తరగతి, ఒకే సెట్టు పరికరాలు, దగ్గరకొస్తున్న సిలబస్ గడువు. ఆ పరిస్థితిలో నలభై మంది నలభై రకాల అంకెలు తెస్తే ఏం చేయాలన్నది ఆయన ముందున్న అసలు సమస్య. ఆ నలభై అంకెలనూ బోర్డు మీద రాయడం ఒక దారి. 97, 98, 98, 99, 98, 104 అని వరసగా పడ్డప్పుడు చాలామందికి ఏది వచ్చిందో, 104 ఎందుకు విడిగా నిలిచిందో పిల్లలే చెబుతారు. ఆ 104 తెచ్చిన జట్టు బుడ్డిని బీకరు అడుక్కి ఆనించి ఉండవచ్చు. మళ్లీ చేయించి చూస్తే తేలుతుంది. దీనికి అదనంగా కావలసింది ఒక సుద్దముక్క, పది నిమిషాల వ్యవధి.

ఆవరణలో ఒక కర్ర

ప్రయోగశాలే లేని బడికి ఆకాశముంది. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదని చాలామంది నమ్ముతారు. బడి ఆవరణలో ఒక కర్రను నిట్టనిలువుగా పాతి, నీడ కొసను పావుగంటకొకసారి గుర్తు పెడితే రెండు సంగతులు బయటపడతాయి. హైదరాబాదులో నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యేది గడియారంలో సరిగ్గా పన్నెండుకు కాదు. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి సూర్యుడు నడినెత్తికి చేరడం సగటున పదహారు నిమిషాలు ఆలస్యం. ఇక పొట్టి నీడ కూడా మాయమయ్యే రోజులు హైదరాబాదులో ఏడాదికి రెండే, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. మొదటిది వేసవి సెలవుల్లో పడుతుంది, రెండోది వానమబ్బుల్లో. ఖగోళానికి బడి క్యాలెండరు మీద దయ లేదు! అయితే ఆ రెండు రోజుల మధ్య, అంటే బళ్లు తెరిచే జూన్‌లో, మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరం వైపే. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చూసిన పిల్లలకు ఇది దానంతటదే తెలుస్తుంది. సూర్యుడు సరిగ్గా తూర్పునే ఉదయించేది కూడా ఏడాదికి రెండు రోజులే అన్నది వాళ్లు తర్వాత పట్టుకునే సంగతి.

ఇలాంటి పని ఒక్క రోజుతో అయ్యేది కాదు. ‘సీజన్‌వాచ్’ అనే పౌరవిజ్ఞాన కార్యక్రమంలో కేరళతో పాటు పలు రాష్ట్రాల బడిపిల్లలు ఒక చెట్టును ఎంచుకుని వారానికొకసారి దాని చిగుళ్లు, పూలు, కాయలు ఎంతమేరకు ఉన్నాయో నమోదు చేస్తారు. తెలుగువారు రేల అని పిలిచే చెట్టు, కేరళలో విషు పండుగ పూవు, ఎప్పుడు పూస్తోందన్న దాని మీద ఆ నమోదులు ఇప్పుడు శాస్త్రవేత్తలకు పనికొస్తున్నాయి. ఈ వారం ఒక్క పువ్వూ లేదని రాయడం కూడా అక్కడ నమోదే. పూసిన వారం మాత్రమే రాస్తే ఎప్పుడు మొదలైందో తెలియదు.

పక్షుల్లో దీనికి దగ్గరి ఉదాహరణ గిజిగాడు. తెలుగునాట బావుల మీదికి వంగిన ఈతచెట్లకు, తుమ్మకొమ్మలకు దాని గూళ్లు వేలాడటం చూడనివారు తక్కువ. గూట్లో బంకమట్టి పెట్టి దానికి మిణుగురు పురుగులను అతికించి దీపాలు పెట్టుకుంటుందని పెద్దలు చెబుతారు. గూటి లోపల మట్టి ముద్దలు ఉండే మాట నిజం. దీపాల సంగతి మాత్రం విన్నవారే గానీ చూసినవారు లేరు. 1930లో సలీం అలీ, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, మహారాష్ట్ర తీరంలోని కిహీంలో ఉంటూ ఇంటి దగ్గర చెట్టు మీది గిజిగాళ్లను నెలల తరబడి గమనించాడు. మగపక్షి గూడును సగం దాకా అల్లి ఆగిపోతుంది. ఆడపక్షులు వచ్చి లోపల తిరిగి చూసుకుంటాయి. ఒక ఆడపక్షికి నచ్చాకే మగది ఆ గూటిని పూర్తి చేస్తుంది, అది గుడ్లు పెట్టగానే తాను మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తుంది. నచ్చని గూళ్లు సగంలోనే మిగిలిపోతాయి. 1931లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆయన ఇదంతా రాశాడు.

గిజిగాడు గూడు కట్టడం వానలతో మొదలవుతుంది, బళ్లు తెరిచే రోజుల్లోనే. చెట్టు కింద నిలబడి ఎన్ని గూళ్లకు కింది గొట్టం దాకా అల్లిక పూర్తయిందో, ఎన్ని టోపీల్లా సగంలో ఆగిపోయాయో లెక్కపెట్టి వారం వారం తేదీ వేసి రాసుకోవడానికి ఆరో తరగతి పిల్లలు చాలు. సగం గూళ్లలో ఎన్ని తర్వాతి వారానికి పూర్తయ్యాయి, ఎన్ని అలాగే ఎండి రంగు మారాయి అన్నది వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది. ఆ చెట్టుకు సంబంధించినంత వరకు జవాబు మరే పుస్తకంలోనూ లేదు.